ఏడో అడుగు వినపడాలి

శ్రోతలకు నమస్కారం.

మద్రాసులో తెలుగువారి పెళ్లికి వెళ్లినవాళ్లకు ఈ సందర్భం బాగా తెలిసే ఉంటుంది. జీలకర్ర బెల్లం అయిపోయింది, మంగళసూత్రం కట్టారు, తలంబ్రాల సరదా కూడా తీరింది. జనం టోకెన్లు పట్టుకుని భోజనాల హాలు వైపు లేచారు. సగం కుర్చీలు ఖాళీ అయ్యాక పంతులుగారు "నాయనా, లేవండి, సప్తపది" అంటారు. ఫొటోగ్రాఫరు "సార్, ఆ అడుగు ఇంకోసారి" అంటాడు. నాదస్వరం మోగుతూనే ఉంటుంది. మూడు నాలుగు నిమిషాల్లో తంతు ముగుస్తుంది. ఆ కాస్త సేపట్లో ఏం మాట ఇచ్చుకున్నారో ఇచ్చుకున్నవాళ్లకే వినపడదు. ఈ పూట ఆ మూడు నిమిషాల గురించే చెప్పుకుందాం.

తెలుగు పురోహితుల్లో చాలామంది అనుసరించేది ఆపస్తంబ గృహ్యసూత్రం, అంటే ఇంట్లో జరిగే కర్మలు ఎలా చేయాలో చెప్పే పాత గ్రంథం. అందులో సప్తపదికి ఇచ్చిన చోటు చాలా తక్కువ. అగ్నికి ఉత్తరం పక్కన, తూర్పుగా గాని ఉత్తరంగా గాని, కుడికాలు ముందుగా వధువు చేత ఏడు అడుగులు వేయించమంటుంది. అడుగుకొక మంత్రం. మొదటి అడుగు ఇషే, అంటే అన్నం కోసం. రెండోది ఊర్జే, బలం కోసం. మూడోది వ్రతాయ, పట్టిన నియమం నిలబడడం కోసం. నాలుగోది మాయోభవాయ, సుఖం కోసం. అయిదోది పశువుల కోసం, ఆరోది ఋతువుల కోసం, ఏడోది యజ్ఞం నడిపించే హోతల కోసం. వేదశాఖను బట్టి అయిదూ ఆరూ కొంచెం మారతాయి. మీ పంతులుగారు వేరేగా చదివితే తప్పు పట్టకండి.

ఈ వరస చూడండి. అన్నం ముందు, సుఖం నాలుగోది. పొయ్యి వెలగాలి, ఒంట్లో సత్తువ ఉండాలి, అన్న మాట మీద నిలబడాలి, ఆ తర్వాతే సుఖం మాట. పశువులంటే ఆ రోజుల్లో ఆస్తి. ఋతువులు ఎందుకో ఎవరూ పెద్దగా వివరించరు. నన్నడిగితే అదే అన్నిటికన్నా ముందుచూపున్న అడుగు. రోహిణికార్తె ఎండలో అయినా కార్తీకపు ముసురులో అయినా కలిసే ఉండాలని గదా.

ఇంకో సంగతి. ప్రతి అడుగుకీ వరుడు పలికే మాట "విష్ణుస్త్వాఽన్వేతు". విష్ణువు నీ వెంట నడుచుగాక అని. దేవుడు ముందు, ఆమె వెనక కాదు. ఆమె ముందు, దేవుడు వెనక. భార్య విధేయంగా ఉంటానని ఒప్పుకుంటున్నట్టు "ఏడు ప్రమాణాలు" అచ్చువేసిన కార్డులు ఇప్పుడు పెళ్లిళ్లలో పంచుతున్నారు. ఆ మాటలు ఈ సూత్రపు మంత్రాల్లో లేవు.

ఏడో అడుగు దగ్గర ఆగాలి. అక్కడ వరుడు "సఖా సప్తపదా భవ" అంటాడు. ఏడడుగులు నడిచిన నువ్వు నాకు నేస్తానివి కా. నీ స్నేహం నాకు దక్కుగాక, నీ స్నేహం నుంచి నేను విడిపోకుందును గాక, నా స్నేహం నుంచి నువ్వు విడిపోకుందువు గాక. ఆ వెంటనే, కలిసి ఉందాం, కలిసి సంకల్పించుకుందాం అని వస్తుంది. నేను మనస్సు, నువ్వు వాక్కు. నేను సామం, నువ్వు ఋక్కు అనీ వస్తుంది. ఋక్కంటే వేదమంత్రం, సామమంటే ఆ ఋక్కు మీద కట్టిన గానం. ఋక్కు లేకపోతే పాడడానికి ఏమీ ఉండదు.

ఏడడుగులు కలిసి నడిస్తే స్నేహమన్నది పెళ్లికే పరిమితమైన మాట కాదు. "సాప్తపదీనం సఖ్యం" అని సంస్కృత వ్యాకరణకర్త పాణిని ఏకంగా ఒక సూత్రమే రాశాడు. భారతంలో సావిత్రి యముడి వెంట నడుస్తూ వాడిన వాదన కూడా ఇదే: ఏడడుగులు కలిసి నడిస్తే మైత్రి అంటారు పెద్దలు, ఆ మైత్రితోనే నీతో ఒక మాట చెబుతున్నాను, విను. మృత్యుదేవత దగ్గర చెల్లిన వాదన ఇంట్లో చెల్లకపోతుందా?

కన్యాదానం దగ్గర మరో మాట ఉంది. ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను అతిక్రమించవద్దని పిల్ల తండ్రి అడుగుతాడు, "నాతిచరామి", అతిక్రమించను అని వరుడు ఒప్పుకుంటాడు. చాలామంది దీనికి "మోక్షే చ" కూడా కలిపేస్తారు. పాత పాఠంలో మూడే. మోక్షం ఎవరికి వారే సంపాదించుకోవాలి, అందులో జంట పూచీ కుదరదు. కానీ అర్థంలో, అంటే డబ్బు విషయంలో, పూచీ ఉంది. ఆమెకు చెప్పకుండా అప్పు చేయడం, తమ్ముడి లోనుకు హామీ సంతకం పెట్టడం, ఇవి అతిచరించడమే.

ఇక మంటపంలో ఏం చేయాలి? అసలు చిక్కంతా అక్కడే.

మొదటిది చోటు. డెకరేషన్ వాళ్లు హోమగుండాన్ని వేదిక మధ్యలో పెట్టి, చుట్టూ పూలకుండీలు, దీపపు సెమ్మెలు నింపేస్తారు. నడవడానికి చోటుండదు. అందుకే జంట అక్కడక్కడే కాళ్లు కదిపి ఏడు లెక్కపెట్టేస్తారు. జంట తూర్పు ముఖంగా కూర్చుంటే ఎడమచేతి వైపు ఉత్తరం. ఆ పక్కన మూడడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు ఖాళీగా వదలమని ముందురోజు సాయంత్రమే చెప్పండి. తెల్లవారి చెబితే పూలు కట్టేసి ఉంటారు, కదపరు.

రెండోది అడుగు. కుడికాలు ముందు వేసి, ఎడమకాలు దాని పక్కకు చేర్చాలి. ఎడమకాలు కుడికాలిని దాటకూడదు. కొంగుకూ ఉత్తరీయానికీ బ్రహ్మముడి ఉంటుంది గనుక పెద్ద అడుగు వేస్తే ముడి లాగేస్తుంది; అడుగు జానెడు, జానెడున్నర చాలు. బియ్యం కుప్పల మీద నడిపించే ఆనవాయితీ ఉంటే కుప్పకు ఒక గుప్పెడు మించొద్దు. గ్రానైటు నేల మీద బియ్యం జారుతుంది, పట్టుచీరతో పడితే లేవడం కష్టం. కింద చాప గాని కంబళి గాని పరచండి.

అగ్ని చుట్టూ తిరగడం వేరు, సప్తపది వేరు. ఉత్తరాది పెళ్లిళ్లు సినిమాల్లో చూసి ఏడు చుట్లు తిప్పమని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మన పద్ధతిలో ప్రదక్షిణం లాజహోమంలో, అంటే పేలాలు అగ్నిలో వేసేటప్పుడు వస్తుంది, మూడుసార్లు, సన్నికల్లు తొక్కించడంతో పాటు.

మూడోది మేళం. ఈ ఊళ్లో నాదస్వరం వాళ్లు చాలావరకు తమిళులు. వాళ్లకు ముహూర్తమంటే తాళి కట్టే క్షణం, జోరుగా వాయించే గెట్టిమేళం అప్పుడే. మనకు సుముహూర్తం జీలకర్ర బెల్లం. ఈ సంగతి వాళ్లకు చెప్పి, సైగ ఎవరిస్తారో కూడా ముందే తేల్చుకోండి. సప్తపదికి మాత్రం మేళం పూర్తిగా ఆపమనండి. పంతులుగారికి కాలరు మైకు పెట్టించండి. ఒక్కో మంత్రం తర్వాత ఒక్క తెలుగు వాక్యం చెప్పమని వారం ముందు అడిగితే చాలామంది సంతోషంగా చెబుతారు. అలా చేస్తే మొత్తం పది నిమిషాలు. భోజనాల పిలుపు ఆ పది నిమిషాలు ఆపండి.

అరుంధతి విషయంలో మాత్రం ఉన్నమాట చెప్పాలి. మిట్టమధ్యాహ్నం కారు పార్కింగులో నిలబెట్టి ఆకాశంలోకి చూపిస్తే ఏమీ కనపడదు. అది రాత్రి చేయవలసింది. వైశాఖ, జ్యేష్ఠాల్లో రాత్రి 9 గంటలకు సప్తర్షి మండలం ఉత్తరాన కనిపిస్తుంది. తోక చివరి నుంచి రెండో చుక్క వసిష్ఠుడు, ఆనుకుని మసకగా ఉన్నది అరుంధతి. ధ్రువ నక్షత్రం ఈ ఊళ్లో ఆకాశపు అంచు నుంచి 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అపార్టుమెంట్లు అడ్డం వస్తాయి. బీచికి వెళ్తే నయం.

చట్టం మాట కూడా ఒకటి. 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షను ప్రకారం, ఆ ఇంటి ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగు పడ్డప్పుడే పెళ్లి పూర్తయినట్టు. సప్తపది ఆచారంలో లేని తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. వారి ఆచారం ప్రకారం చేసుకున్నా పెళ్లి పెళ్లే. 1967లో తమిళనాడు చేసిన సవరణతో పురోహితుడు లేని స్వాభిమాన వివాహమూ చెల్లుతుంది. తంతు ఏమీ జరపకుండా రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే తెచ్చుకుంటే హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని రిజిస్ట్రేషన్ మానకండి. తమిళనాడు 2009 చట్టం ప్రకారం 90 రోజుల్లోపు చేయించాలి. శుభలేఖ ఒకటి దాచుకోండి, ఏడో అడుగు వేస్తున్న ఫొటో ఒకటి తీయించుకోండి. అందులో కుడికాలు ముందుందా అని రిజిస్ట్రారు చూడరు. అమ్మమ్మ చూస్తుంది.

సెలవు, నమస్కారం.