తండ్రి చేతిలో బిడ్డ మరణం: మానసిక వ్యాధి ఒక్కటే కారణమా?

కన్నబిడ్డను తండ్రి చంపాడన్న వార్త వినగానే మన నోట వచ్చే మొదటి మాట "పిచ్చి పట్టి ఉంటుంది" అన్నదే. ఆ మాటలో నిజం లేకపోలేదు గానీ, ఆలోచన అక్కడే ఆగిపోతే ఇలాంటి మరణాలలో కొన్నింటినైనా ముందుగా పసిగట్టే దారి మూసుకుపోతుంది.

(తెరపై: 1969)

అమెరికా మనోవైద్యుడు ఫిలిప్ రెస్నిక్ 1969లో, అంతకు ముందు రెండు శతాబ్దాల వైద్య రచనలలో నమోదైన 131 ఉదంతాలను పరిశీలించారు. చంపినవారిలో 88 మంది తల్లులు, 43 మంది తండ్రులు. వారి ఉద్దేశాలను ఆయన ఐదు రకాలుగా విడదీశారు. బిడ్డను కష్టాల నుంచి తప్పిస్తున్నానన్న నమ్మకం, తీవ్రమైన ఉన్మాదం, బిడ్డ అక్కరలేకపోవడం, చంపాలని లేకపోయినా కొట్టిన దెబ్బలు ప్రాణం మీదికి రావడం, జీవిత భాగస్వామిపై పగ.

మొదటి రకానికి వైద్యులు "పరోపకార హత్య" అని పేరు పెట్టారు. అది చంపినవాడి మనసులోని భావానికి పెట్టిన పేరే అయినా, నాకు ఆ మాట మింగుడుపడదు. తీవ్రమైన కుంగుబాటులో ఉన్న తండ్రి తాను చనిపోవాలని నిశ్చయించుకుని, తన తరువాత పిల్లలకు దిక్కెవరని తలచి, వారినీ తన మరణంలోకి లాక్కుపోతాడు. ఉన్మాదంలో ఉన్నవాడైతే, లేని గొంతులు విని, బిడ్డకు ఏదో ఘోరమైన ఆపద రానున్నదని నమ్మవచ్చు. ఈ రెండు స్థితులకూ చికిత్స ఉంది.

పగ సంగతి వేరు. భార్య విడిపోయాక, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న వివాదం నడుస్తుండగా, ఆమెను జీవితాంతం బాధపెట్టడానికే బిడ్డల ప్రాణం తీసే తండ్రిలో చాలాసార్లు ఉన్మాదం కనిపించదు. భార్యాబిడ్డలు తన సొత్తు అన్న భావన, ఏళ్ల తరబడి ఆమె రాకపోకలపై, డబ్బుపై, స్నేహాలపై సాగించిన పెత్తనం మాత్రం కనిపిస్తాయి. బ్రిటన్‌లో 1980 నుంచి 2012 వరకు కుటుంబాన్ని తుడిచిపెట్టిన 71 మంది గురించి పరిశోధకులు అధ్యయనం చేస్తే, వారిలో 59 మంది పురుషులని, వారిని అందుకు పురికొల్పిన కారణాలలో కుటుంబం విచ్ఛిన్నం కావడమే ముందున్నదని తేలింది. ఉద్యోగం పోయిన సంగతినో, అప్పులనో ఇంట్లో దాచి, సంపాదించలేని తండ్రికి బతికే అర్హత లేదని నమ్మినవారూ ఉన్నారు.

పసికందుల విషయంలో కథ ఇంకొకటి. ఏడుపు ఆపలేక, కోపం పట్టలేక శిశువును బలంగా కుదిపితే మెదడులో రక్తస్రావమై ప్రాణం పోవచ్చు. మద్యం ఈ ప్రమాదాన్ని మరింత పెంచుతుంది.

(తెరపై: ఖాళీ కుర్చీ)

ఆత్మహత్య ఆలోచనలతో వచ్చిన తండ్రిని వైద్యులు తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "మీరు లేకపోతే మీ పిల్లలు ఏమవుతారని అనుకుంటున్నారు?" దానికి జవాబుగా "వాళ్లనూ నాతోనే తీసుకెళ్తాను" అన్న మాట వినిపిస్తే, ఆ రోజే పిల్లలను సురక్షితమైన చోటికి చేర్చి, అతన్ని ఆసుపత్రిలో చేర్చాలి.