మా జంతికలు యూరప్ ఎలక్షన్‌లో గెలిచాయి | ఐర్లాండ్ తెలుగు వ్లాగ్

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఈ వీడియో తీసింది 2024 మే 9న. వాయిస్ ఇస్తున్నది జూన్ 12న. మధ్యలో ఏం చేశావు అంటే, ఏం చేశానో నాకే తెలియదు. తెనాలి నుంచి మా పిన్ని మాత్రం రోజూ అడుగుతూనే ఉంది, "ఏమే, చిన్ని స్కూల్లో ఏదో ఎలక్షన్ అన్నావు, వీడియో ఏది?" అని. పిన్నీ, ఇదిగో, చూడు.

టైమ్ పొద్దున్న ఐదున్నర. మీకు కనిపిస్తున్నది జంతికల గొట్టం, మా అత్తగారిది, ఇత్తడిది. మేము 2018లో వచ్చినప్పుడు మావారు దీన్ని బ్యాగులోంచి రెండుసార్లు తీసేశారు, నేను రెండుసార్లు పెట్టేశాను. బియ్యప్పిండి, శనగపిండి డబ్లిన్ నుంచి తెచ్చుకున్నవే, రెండు కిలోల శనగపిండి ఆరు యూరోలు, అంటే మన లెక్కలో 540 రూపాయలు. వెన్న మాత్రం ఇక్కడిదే. ఈ ఊరి వెన్న గురించి నేనేం చెప్పినా తక్కువే, పసుపు వేసినట్టు ఉంటుంది, పిండిలో కలిపితే జంతిక పంటి కింద పొడిపొడిగా విరుగుతుంది. వెన్న సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మేముండేది అథ్లోన్‌లో. మ్యాప్‌లో ఐర్లాండ్‌కి సరిగ్గా బొడ్డు దగ్గర ఉంటుంది, మధ్యలో షానన్ నది. మా అమ్మాయి చిన్ని చదివేది కాలేజ్. అయ్యో, ఇంటర్ అనుకోకండి, ఇక్కడ హైస్కూలు పేరు చివర కూడా కాలేజ్ అనే ఉంటుంది చాలాచోట్ల. పదహారేళ్లు దానికి. ఈ ఏడాది ట్రాన్సిషన్ ఇయర్, అంటే పదో తరగతి లాంటి పరీక్ష అయ్యాక, పెద్ద పరీక్షల చదువు మొదలయ్యే ముందు, ఒక సంవత్సరం పాటు పబ్లిక్ పరీక్షలుండవు. నాటకాలు వేస్తారు, వంటలు నేర్చుకుంటారు, ఎక్కడో ఆఫీసులో రెండు వారాలు కూర్చుని వస్తారు. మొదటిసారి విన్నప్పుడు మావారికి బీపీ పెరిగింది. గుంటూరులో ఆ వయసు పిల్లలు పొద్దున ఆరింటికి స్టడీ అవర్‌లో ఉంటారు, ఇక్కడేమో ఏడాది ఖాళీ, పైగా దానికి స్కూల్‌కి 350 యూరోలు మనమే కట్టాలి. 31,500 రూపాయలు, పిల్ల చదవకుండా ఉండటానికి! అని మావారు అన్నారు. ఇప్పుడు అనడం లేదు.

ఆ ఖాళీ సంవత్సరంలోనే చిన్ని యూరోపియన్ పార్లమెంట్ అంబాసడర్ స్కూల్ అనే ప్రోగ్రామ్‌లో చేరింది. యూరోపియన్ పార్లమెంట్ వాళ్లే 2016 నుంచి నడుపుతున్నారు, యూరోపియన్ యూనియన్ సభ్య దేశాలన్నిట్లోనూ ఉంది. టీచర్లని సీనియర్ అంబాసడర్లు అంటారు, పిల్లల్ని జూనియర్ అంబాసడర్లు అంటారు, కానీ పనంతా పిల్లలదే. స్కూల్లో ఒక గోడ తీసుకుని యూరప్ సమాచారం అంటించాలి, వాళ్ల ఎంపీలతో మాట్లాడాలి, మే 9న యూరప్ డే చేయాలి. 1950లో అదే రోజు ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి షూమన్, జర్మనీతో కలిసి బొగ్గు, ఉక్కు పంచుకుందాం అని ప్రకటన చేశాడట, ఇదంతా మొదలైంది అక్కడే. నిన్నటిదాకా తలలు నరుక్కున్నవాళ్లు బొగ్గు దగ్గర కలిశారన్నమాట. మా ఊళ్లో గట్టు తగాదాలు కూడా ఎక్కడో ఇలాంటి చోటే తెగుతాయి.

దారిలో చూపిస్తాను చూడండి, కరెంట్ స్తంభాలకి ఫొటోలు, జూన్ 7న యూరోపియన్ పార్లమెంట్, స్థానిక ఎన్నికలకి నిలబడ్డవాళ్లవి. అన్నీ ఈ రెండు రోజుల్లో కట్టినవే. ఇక్కడ పోలింగ్‌కి 30 రోజుల ముందు గానీ పోస్టర్ కట్టకూడదు, అయిపోయిన ఏడు రోజుల్లో విప్పేయాలి, విప్పకపోతే ఒక్కోదానికి 150 యూరోలు ఫైన్, అంటే 13,500. మన ఫ్లెక్సీలకి ఈ లెక్కన ఫైన్ వేస్తే రాష్ట్రం అప్పు తీరిపోతుంది.

స్కూల్లోకి వెళ్లాక వీడియో లేదు. పిల్లలు ఫ్రేమ్‌లో పడకూడదని గేటు దగ్గరే చెప్పేశారు. అందుకే ఇక్కడి నుంచి మీకు జంతికల డబ్బా మూత మాత్రమే కనిపిస్తుంది, నా మాటలే దిక్కు.

లోపల వరండాలో పెద్ద నీలం జెండా. చుక్కలు లెక్కపెట్టాను, 12. "దేశాలు 27 కదే, మిగతా 15 ఏవి?" అన్నాను. "అమ్మా, అది దేశాల లెక్క కాదు, నిండుగా ఉండటానికి గుర్తు" అని చుట్టూ చూసింది, ఎవరైనా విన్నారేమో అని. నా పరువు పోలేదు, దాని పరువు పోయింది.

వాళ్ల ప్లాన్ ఏంటంటే, యూరప్ డేకి ఉత్తుత్తి ఎలక్షన్ పెట్టడం. అభ్యర్థులు మనుషులు కాదు, తిండి. ఫ్రాన్స్ క్రోసాంట్, జర్మనీ ప్రెట్జెల్, ఇటలీ తిరమిసు, ఐర్లాండ్ సోడా బ్రెడ్. అయిదోది మా జంతికలు. పేపర్ మీద పేర్లున్నాయి, పక్కన గళ్లు. మనలాగా ఒక్క బటన్ నొక్కి వచ్చేయడం కాదు, ఐర్లాండ్‌లో 1, 2, 3 అని నచ్చిన వరుసలో అంకెలు వేస్తారు. అసలు ఎన్నికలూ ఇలాగే. ఇది నాకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, జంతికలతో ఎక్కింది.

జంతికల్ని పెట్టడానికి వీల్లేదని ఒక పిల్లాడు అడ్డం పడ్డాడు, ఇండియా యూరోపియన్ యూనియన్‌లో లేదు కదా అని. పాయింటే. చిన్ని ఒక్క క్షణం ఆలోచించి, "ఇవి అథ్లోన్‌లో పుట్టాయి, వెన్న ఇక్కడిది, లోకల్ క్యాండిడేట్" అంది. టీచర్ నవ్వి ఒప్పుకున్నారు.

మొత్తం 61 ఓట్లు. గెలవాలంటే 31 రావాలి. మొదటి లెక్కలో క్రోసాంట్ 21, సోడా బ్రెడ్ 14, మనవి 12, ప్రెట్జెల్ 9, తిరమిసు 5. నాకు మనసు చివుక్కుమంది, మూడో స్థానం. మన దగ్గరైతే అక్కడితో క్రోసాంట్‌కి దండ వేసేసేవాళ్లు. ఇక్కడ అలా కాదు. అడుగున ఉన్న తిరమిసుని తీసేసి, దానికి ఒకటి వేసినవాళ్ల పేపర్ల మీద రెండు ఎవరికి వేశారో చూస్తారు. అందులో రెండు క్రోసాంట్‌కి, మూడు మనకి. 23, 15. తర్వాత ప్రెట్జెల్ పోయింది. ప్రెట్జెల్ వాళ్లు కరకరలాడేది కావాలనుకునే జనం కదా, తొమ్మిదిలో ఆరు మనకే పడ్డాయి. 24, 21. అప్పటికి నేను డబ్బా మూత గట్టిగా పట్టుకుని నిలబడ్డాను, మూత అంచు వేలికి గుచ్చుకున్నది కూడా తెలియలేదు. ఇక సోడా బ్రెడ్ పేపర్లు 16. ఒక అమ్మాయి ఒక్కొక్కటీ విప్పి గట్టిగా చదువుతోంది, చిన్ని బల్ల మీద రెండు దొంతులు పేరుస్తోంది. పది మనకి, ఐదు దానికి, ఒకదాని మీద తర్వాతి అంకె లేదు. 31, 29. గెలిచాం!

సోడా బ్రెడ్ వాళ్లు ఎందుకు మనకి వేశారు అంటే, మరి ఫ్రాన్స్‌కి వేస్తారా? ఇలాంటి పద్ధతిలో ఎక్కువమందికి మొదటి ఇష్టం కానక్కర్లేదు, ఎక్కువమందికి విసుగు పుట్టించకుండా ఉంటే చాలు అని నాకర్థమైంది. కోడళ్లకి బాగా తెలిసిన విద్య.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. వాళ్లు అంటించిన గోడ మీద ఒక చార్ట్ ఉంది, చిన్ని దస్తూరీ. ఏ ఓటు ఎవరికి ఉంది అని నాలుగు వరుసలు. ఒకటి, ప్రెసిడెంట్, రెఫరెండం: ఐరిష్ పౌరులకే. రెండు, దాయిల్, అంటే ఇక్కడి లోక్‌సభ: ఐరిష్ వాళ్లు, బ్రిటిష్ వాళ్లు. మూడు, యూరోపియన్ పార్లమెంట్: ఐరిష్ వాళ్లు, యూనియన్ దేశాల పౌరులు. నాలుగు, స్థానిక ఎన్నికలు: ఇక్కడ నివసిస్తూ 18 నిండిన వాళ్లు ఎవరైనా. ఎవరైనా! ఏ పాస్‌పోర్టైనా. ఆ నాలుగో వరుస నాలుగుసార్లు చదివాను.

2019 మే నెలలో కూడా స్థానిక ఎన్నికలు జరిగాయి. ఒకాయన కాగితాలు పట్టుకుని మా తలుపు కొట్టాడు. "సారీ, ఐ యామ్ ఇండియన్" అన్నాను, ఆయన ఏదో చెప్పబోయాడు, నేను తలుపేసేశాను. ఆయన చెప్పబోయింది ఇదేనేమో. ఐదేళ్లు నేను అతిథిలా చెప్పులు గుమ్మం బయటే విడిచి కూర్చున్నాను, లోపలికి రమ్మన్న మాట నాకు వినపడలేదు.

"నాకెందుకు చెప్పలేదే?" అంటే "నువ్వు అడగలేదుగా" అంది. మళ్లీ తనే, "ఆస్ట్రియాలో, మాల్టాలో 16కే ఓటు తెలుసా, ఈసారి జర్మనీ, బెల్జియంలో కూడా యూరోపియన్ ఎలక్షన్‌కి 16" అని మొదలుపెట్టింది. నేను నోరు జారాను. "నీకు 18 వచ్చినా ఆ ఓటు రాదు కదే, మన పాస్‌పోర్టు మీద" అన్నాను. పిల్ల మాట్లాడలేదు. డబ్బాలో విరిగిన ముక్కలు ఏరి ఒక పక్కకి పెట్టింది. యూరప్‌లో ఓటు వేయండి అని స్కూలంతా తిరిగి చెప్పేది ఇది, పోయినేడాది పారిస్ చూద్దామంటే మా ముగ్గురికీ తలా 80 యూరోల వీసా ఫీజు, 7,200 రూపాయలు. యూరప్‌లో ఉంటూ యూరప్‌కి వీసా ఏంటి అని మా పిన్ని ఇప్పటికీ నమ్మదు. ఒకే వీసాతో తిరిగే షెంజెన్ దేశాల్లో ఐర్లాండ్ లేదు పిన్నీ, ఎన్నిసార్లు చెప్పాలి.

ఇక్కడి పౌరసత్వానికి అప్లికేషన్ 175, వచ్చాక సర్టిఫికెట్‌కి 950. పెద్దవాళ్లకి తలా లక్ష రూపాయలు దాటుతుంది. డబ్బుది ఏముంది, ఎలాగో కడతాం. కానీ మన పాస్‌పోర్టు వదులుకోవాలి కదా. ఆ కాగితాలు మా టీవీ కింద సొరుగులో ఉన్నాయి, పాత ఛార్జర్ల కింద.

మే 13న మన దగ్గర పోలింగ్. డబ్లిన్‌లో మా ఫ్రెండ్ 940 యూరోలు పెట్టి టికెట్ కొని వెళ్లింది, దగ్గర దగ్గర 85 వేలు, ఒక్క ఓటుకి. మనకి ఇక్కడి నుంచి పోస్టులో వేసే వీల్లేదు కదా, మనిషే వెళ్లి నిలబడాలి. నేను వెళ్లలేదు. నాన్న ఎర్రటి ఎండలో రెండు గంటలు లైన్లో నిలబడి, సిరా చుక్క ఫొటో పెట్టారు. దాన్ని జూమ్ చేసి చూశాను, వేలు కాదు, వెనకాల స్కూలు గోడ. నేను చదివిన స్కూలే. రంగు మార్చారు.

ఆ రాత్రే కూర్చుని ఇక్కడి ఓటరు జాబితాలో పేరు నమోదు చేయించుకున్నాను. గడువు మే 20. ఆన్‌లైన్‌లో పది నిమిషాలు, పీపీఎస్ నంబర్ అంటే మన ఆధార్ నంబర్ లాంటిది, ఇంటి ఎయిర్‌కోడ్ అంటే పిన్‌కోడ్ లాంటిది, అంతే. గెజిటెడ్ సంతకం లేదు, ఇంటి అద్దె రసీదు అడగలేదు. ఇంత తేలిగ్గా అయితే అనుమానం వేస్తుంది మనకి.

జూన్ 7. మా వీధి ప్రైమరీ స్కూల్. లైన్ లేదు, టెంట్ లేదు, మజ్జిగ లేదు, పోలీసు జీపు లేదు. టేబుల్ దగ్గర ఒక పెద్దావిడ నా పేరు మూడుసార్లు తప్పు పలికి, నాలుగోసారి గీత కొట్టింది. మా పక్కింటావిడది పోలండ్, ఆవిడకి రెండు కాగితాలు ఇచ్చారు, నాకు ఒకటి. ఆవిడ చేతిలోని యూరోపియన్ కాగితం చూశాను, మా నియోజకవర్గంలో 27 మంది అభ్యర్థులు, అప్పడాల కర్ర కన్నా పొడుగుంది, మడతపెట్టడానికే తంటాలు. లోపల గదిలో దారం కట్టిన పెన్సిల్. అవును, పెన్సిల్! నేను 1, 2, 3, 4 వేసి ఆగాను. 5 వేయాలా వద్దా అని చాలాసేపు నిలబడ్డాను, సోడా బ్రెడ్ కాగితం ఒకటి వృథా అయింది గుర్తుంది కదా. వేసేశాను.

ఇంటికొచ్చి నాన్నకి వీడియో కాల్ చేశాను. 25 రోజులైనా ఆయన గోరు మీద సిరా ఇంకా ఉంది, గోరు పెరిగి గీత కొంచెం పైకి జరిగింది. "నీ వేలు చూపించు" అన్నారు. చూపించాను. "ఏమీ లేదేమ్మా, నిజంగానే వేశావా?" అన్నారు. సిరా పెట్టరు నాన్నా అంటే, మరి మిషన్లు లేవా అని అడిగారు. ఉండేవి. 5 కోట్ల 40 లక్షల యూరోల దాకా ఖర్చు పెట్టారు, 490 కోట్ల రూపాయల దాకా అనుకోండి, 2002లో మూడు నియోజకవర్గాల్లో వాడి చూశారు, నమ్మకం కుదరక 2012లో పాత ఇనుముకి అమ్మేశారు, 70 వేల యూరోలకి. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. 63 లక్షలే వచ్చాయా అన్నారు తర్వాత.

ఇంకోటి చెప్తే అస్సలు నమ్మలేదు. 2019లో ఐర్లాండ్ నుంచి 13 మంది యూరోపియన్ ఎంపీలు గెలిచారు, కానీ బ్రిటన్ బయటికి వెళ్తేనే సీటు అని ఇద్దర్ని ఇంట్లో కూర్చోబెట్టారు, 2020 ఫిబ్రవరి దాకా. గెలిచి కూడా ఆర్‌ఏసీ. ఈసారి 14 సీట్లు, మా నియోజకవర్గం మిడ్‌ల్యాండ్స్ నార్త్ వెస్ట్‌కి ఐదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నాన్న ఫోన్. మన ఫలితాలు జూన్ 4న మధ్యాహ్నం భోజనం టైముకే తేలిపోయాయి కదా, ఆయనకి అదే లెక్క. "ఏమ్మా, ఎవరు గెలిచారు?" ఇంకా లెక్కపెడుతున్నారు నాన్నా. "ఓట్లేసి ఐదు రోజులైంది కదమ్మా, మీ ఊళ్లో అంతా కలిపి ఎంతమంది?" అని. వెనకాల నుంచి చిన్ని అరుస్తోంది, "తాతయ్యా, ఇంకా ఎలిమినేషన్లు ఉన్నాయి!" అని.

పిన్నీ, కొలతలు కామెంట్‌లో పెడతాను. వెన్న మాత్రం కరిగించి పోయకు, అలాగే ముద్దగా వేసి కలుపు.