గాల్లో పెరిగిన కార్బన్ ఎవరిది? అగ్నిపర్వతాలదా, మనదా?

(మాట మాత్రమే, తెర నల్లగా)

"డైనోసార్ల కాలంలో కార్లున్నాయా? ఫ్యాక్టరీలున్నాయా? అప్పుడూ భూమి వేడెక్కిందిగా!"

క్లైమేట్ గురించి ఎక్కడ మాట మొదలైనా ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. నిజమే, అప్పుడు భూమి ఇప్పటికన్నా చాలా వేడిగా ఉండేది. ప్రశ్నలో తప్పేం లేదు. "అప్పుడు తనంతట తానే మారింది కాబట్టి ఇప్పుడూ అంతే" అనడంలోనే ఉంది తిరకాసు. ఎందుకంటే క్లైమేట్‌ని మార్చే ప్రతి కారణమూ గాల్లో తనదైన గుర్తు వదులుతుంది. ఆ గుర్తుల్ని చదవొచ్చు.

(క్వారీ దృశ్యం: నల్లరాతి గోడ, మధ్యలో తెల్లటి పొర)

ముందు మన దగ్గరి సాక్ష్యం చూద్దాం. గోదావరికి ఒక గట్టున కొవ్వూరు దగ్గరి పంగిడి, అవతలి గట్టున రాజమండ్రి పక్కన కాతేరు. ఇక్కడ కంకర కొట్టే ఈ నల్లరాయి ఒకప్పటి లావా. దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కన్ మీద పొంగిన లావాలో భాగం. నల్లరాతి పొరల మధ్య సున్నపురాయి కనిపిస్తోందా? అందులో గుల్లలున్నాయి. అంటే ఒక పొంగుకీ ఇంకో పొంగుకీ నడుమ ఇక్కడ నీళ్ళు నిలిచి, జీవులు పెరిగేంత వ్యవధి దొరికింది. లావాతో పాటు కార్బన్ డయాక్సైడూ, గంధకం వాయువులూ లక్షల సంవత్సరాల పాటు విడతలు విడతలుగా గాల్లో కలిశాయి. కాబట్టి అగ్నిపర్వతాలు క్లైమేట్‌ని మార్చగలవా అంటే, సందేహమే లేదు.

మరి ఇప్పటి అగ్నిపర్వతాలు?

(పినటుబో పేలుడు దృశ్యం)

1991 జూన్ 15. ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలింది. పొగ 35 కిలోమీటర్ల ఎత్తుకి లేచింది. అందులోని సుమారు 2 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వానమబ్బులు చేరలేని స్ట్రాటోస్ఫియర్‌లోకి వెళ్ళి, సన్నటి ఆమ్లపు తుంపరగా మారి భూమి చుట్టూ పరుచుకుంది. ఎండలో కొంత భాగం అక్కడి నుంచే వెనక్కి మళ్ళింది. నాసాలో జేమ్స్ హాన్సెన్ బృందం కంప్యూటర్ మోడల్‌తో లెక్కకట్టి, భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ పడిపోతుందని, ఆ తర్వాత మళ్ళీ కోలుకుంటుందని 1992 మొదట్లోనే చెప్పింది. దాదాపు అలాగే జరిగింది. క్లైమేట్ మోడల్స్ అన్నీ ఉత్త ఊహలే అనేవాళ్ళకి నేను ముందుగా చూపించేది ఇదే.

గమనించారా? అంత పెద్ద అగ్నిపర్వతం భూమిని చల్లబరిచింది! అదీ రెండు మూడేళ్ళే, తుంపర కిందికి దిగిపోయేదాకా. మరి అది వదిలిన కార్బన్ డయాక్సైడ్? దాదాపు 5 కోట్ల టన్నులు. బొగ్గు, పెట్రోలు, గ్యాస్ లాంటివి కాల్చి ఇవాళ మనం ఏడాదికి వదిలేది 3,700 కోట్ల టన్నులకు పైనే. రోజుకి 10 కోట్ల టన్నులు. పినటుబో లెక్క మనకి సగం రోజు పని.

(గ్రాఫ్: మౌనా లోవా, 1958 నుంచి)

హవాయిలోని మౌనా లోవా కొండ మీద శాస్త్రవేత్త చార్ల్స్ కీలింగ్ 1958లో గాలిని కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల అణువుల్లో కార్బన్ డయాక్సైడ్ సుమారు 315. 2024 సగటు 424కి పైన. "మౌనా లోవా కూడా అగ్నిపర్వతమే కదా, దాని పొగే కొలిచారేమో" అని కొందరికి అనుమానం. బిలం వైపు నుంచి గాలి వీచినప్పటి లెక్కల్ని కొలిచేవాళ్ళు పక్కన పెట్టేస్తారు. పైగా దక్షిణ ధ్రువం దగ్గర కొలిచినా పెరుగుదల ఇలాగే ఉంది.

సరే, పెరిగింది. ఆ కార్బన్ మనదేనని ఏంటి గ్యారంటీ?

(బొగ్గు ముక్క మీద ఆకు ముద్ర, దగ్గరగా)

ఇది గోదావరి లోయ బొగ్గు. ఇల్లెందు, కొత్తగూడెం, రామగుండం గనుల్లో దొరికేది. పాతిక కోట్ల సంవత్సరాలు దాటిన చెట్లు. ఈ పొరల్లో అప్పటి గ్లాసాప్టెరిస్ ఆకుల ఈనెల ముద్రలు ఇప్పటికీ దొరుకుతాయి. బతికున్న ప్రతి చెట్టులోనూ కార్బన్-14 (కార్బన్‌లోనే బరువైన ఒక రకం) కొద్దిగా ఉంటుంది. చెట్టు చచ్చాక అది ప్రతి 5,730 ఏళ్ళకీ సగం అవుతూ పోతుంది. కోట్ల ఏళ్ళ బొగ్గులో దాని జాడే ఉండదు. అంటే బొగ్గు పొగ కలిసేకొద్దీ గాల్లో కార్బన్-14 పలచబడాలి. 20వ శతాబ్దపు చెట్ల వలయాల్లో సరిగ్గా ఇదే తగ్గుదల కనిపించిందని 1955లో హాన్స్ స్యూస్ అనే శాస్త్రవేత్త చూపించాడు. (ఆ తర్వాత అణుబాంబు పరీక్షలు ఈ లెక్కని కొన్నేళ్ళు గందరగోళం చేశాయి, అది వేరే కథ.)

ఇక్కడ తెలివైనవాళ్ళు ఆపుతారు: "అగ్నిపర్వతం కార్బన్‌లోనూ కార్బన్-14 ఉండదుగా?" ఉండదు, కరెక్టే. అందుకే రెండో గుర్తు కావాలి. మొక్కలు గాలి పీల్చేటప్పుడు తేలికైన కార్బన్-12ని ఎక్కువ తీసుకుని, కార్బన్-13ని కాస్త వదిలేస్తాయి. మొక్కల నుంచి పుట్టిన బొగ్గులోనూ కార్బన్-13కి అదే లోటు. అగ్నిపర్వతాల వాయువులో ఈ లోటు అంతగా ఉండదు. ఇప్పుడు గాల్లో కార్బన్-13 వంతు కూడా తగ్గుతోంది.

మూడో గుర్తు నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. అది కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 2.3 కిలోలు. మిగతా బరువు ఎక్కడిది? గాల్లోంచి లాక్కున్న ఆక్సిజన్‌ది. అగ్నిపర్వతం కక్కే కార్బన్ డయాక్సైడ్‌కి మన ఆక్సిజన్‌తో పనిలేదు, అది తయారై వస్తుంది. కాబట్టి కాల్చడమే కారణమైతే ఆక్సిజన్ తగ్గాలి. కీలింగ్ కొడుకు రాల్ఫ్ కొలిచి చూస్తే తగ్గుతోంది. మనకి ఊపిరాడనంత కాదు, కంగారు పడొద్దు. చాలా కొంచెం. కానీ లెక్క సరిపోతుంది.

సూర్యుడి సంగతి త్వరగా తేల్చేద్దాం. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యకాంతిని కొలుస్తున్నాయి. 11 ఏళ్ళకోసారి 0.1 శాతం అటూఇటూ ఊగడమే తప్ప, పెరుగుతూ పోవడం లేదు. పైగా సూర్యుడే కారణమైతే స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. అది చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ అనే దుప్పటి కప్పుకుంటే లోపల వెచ్చగా, పైన చల్లగా ఉన్నట్టు. ఇలా జరుగుతుందని సుకురో మనాబె, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే లెక్కకట్టారు.

భూమి కక్ష్యలో మార్పులూ ఉన్నాయి. మంచు యుగాలు వచ్చిపోయేది వాటివల్లే. కాకపోతే అవి వేల ఏళ్ళ వ్యవహారం. గత మంచు యుగం చివర కార్బన్ డయాక్సైడ్ ఒక వంద పీపీఎం (పది లక్షల అణువుల్లో వంద) పెరగడానికి వేల సంవత్సరాలు పట్టింది. మనం ఒక మనిషి జీవితకాలంలో ముగించేశాం.

(గ్రాఫ్: రెండు గీతలు, ఒకటి పైకి, ఒకటి కిందికి)

ఒక చిక్కు మిగిలింది. మన బొగ్గు పొగలోనూ పినటుబోలో లాగే గంధకం ఉంటుంది. అంటే ఒకే పొగగొట్టం భూమిని వేడెక్కిస్తూ, కొంత చల్లబరుస్తూ కూడా ఉంది. గంధకం ఊపిరితిత్తులకి చేటు కాబట్టి తగ్గించక తప్పదు. 2020 నుంచి సముద్రాల మీద తిరిగే ఓడల ఇంధనంలో గంధకం పరిమితి 3.5 నుంచి 0.5 శాతానికి దించారు. కింది గాల్లో గంధకపు తుంపర రోజుల్లో, వారాల్లో వానతో కడుక్కుపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌లో పెద్ద వంతు వందల ఏళ్ళు ఉండిపోతుంది. గాలి శుభ్రపడేకొద్దీ, ఇన్నాళ్ళూ ఆ తుంపర చాటున దాగిన వేడి బయటపడుతుంది. అది ఎంత, ఎంత త్వరగా అన్నదాని మీదే ఇప్పుడు శాస్త్రవేత్తల మధ్య గట్టి వాదన నడుస్తోంది.