విత్తనానికి వదిలే మొక్క ఏది?

శ్రోతలకు నమస్కారం.

రైతుబజారులో బెండకాయల గంప ముందు ఒక్క నిమిషం నిలబడి వినండి. చూడటం కాదు, వినండి. కొనేవాళ్లు ఒక్కో కాయ చేతిలోకి తీసుకుని చివర తుంచుతుంటారు. పుటుక్... పుటుక్... పుటుక్. అమ్మే ఆవిడ "తుంచకండమ్మా, అన్నీ లేతవే" అంటూనే ఉంటుంది. పుటుక్కుమంటే కాయ సంచిలోకి వెళుతుంది. తుంచబోతే వంగి, పీచు సాగితే మళ్లీ గంపలో పడుతుంది. మా నాయనమ్మ ఈ పరీక్షే పెట్టేది. మా అమ్మ పెట్టేది. ఇప్పుడు మా కోడలూ అదే పెడుతుంది.

కూరగాయల్లో దిగుబడీ, నాణ్యతా పెరిగే కొత్త రకాలు ఎలా పుడతాయో ఈ రోజు మాట్లాడుకుందాం. టమాటా ఉంది, వంగ ఉంది, మిరప ఉంది. అన్నీ చెప్పబోతే ఏదీ చెప్పినట్టు ఉండదు. నేను 30 ఏళ్లకు పైగా కూరగాయల విత్తనాలతో గడిపాను. అందులో నాకు బాగా ఇష్టమైన పంట బెండ. అందుకని బెండ ఒక్కటే చెబుతాను.

ముందు ఆ పుటుక్ సంగతి. బెండ పువ్వు పొద్దున్నే విచ్చుకుంటుంది, సాయంత్రానికి వాడిపోతుంది. అక్కడి నుంచి 5, 6 రోజుల్లో కాయ కోతకు వస్తుంది. ఇంకో రెండు రోజులు ఆగితే లోపల పీచు పట్టేస్తుంది. కూలీలు దొరక్కో, ఇంట్లో పెళ్లి పడో, వాన కురిసో రైతుకు ఒక్క కోత తప్పిందనుకోండి. మొక్క మీద కాయలు ఉంటాయి, బరువూ ఉంటుంది, కాని వాటిని ఎవరూ కొనరు. అంటే బెండలో నాణ్యత తగ్గితే దిగుబడి కూడా తగ్గినట్టే. ఈ రెండూ వేరు వేరు లెక్కలని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. ఒక్క రోజు ఎక్కువ లేతగా నిలిచే కాయ రైతు చేతిలో పడే డబ్బును పెంచుతుంది.

ఇక దిగుబడి మొక్కలో ఎక్కడుంది? బెండ మొక్కను కింది నుంచి పైకి చూడండి. కణుపుకో ఆకు, ఆ ఆకు మొదట్లో ఒక పువ్వు, ఆ పువ్వుకో కాయ. కణుపులు దగ్గర దగ్గరగా ఉంటే అదే ఎత్తులో ఎక్కువ కాయలు కాస్తాయి. నాలుగో అయిదో కణుపు నుంచే పూత మొదలైతే కోత త్వరగా వస్తుంది. రెండు కొమ్మలు వేస్తే ఇంకొన్ని కాయలు. కొత్త రకం తయారు చేసే శాస్త్రవేత్త వరుసల మధ్య నడుస్తూ చూసేది ఇదే. కణుపు నుంచి కణుపుకు ఎంత దూరం? మొదటి పువ్వు ఎన్నో కణుపులో? కాయ మీద నూగు ఉందా, నున్నగా ఉందా? తుంచితే పుటుక్కుమందా?

ఇవన్నీ ఉన్న మొక్క దొరికిందనుకోండి. పల్లాకు తెగులు వస్తే అదంతా నీళ్లపాలు.

పల్లాకు తెగులు బెండ వేసిన వాళ్లందరికీ తెలుసు. కొన్ని ఊళ్లలో శంఖు రోగం అంటారు. ఆకు ఈనెలన్నీ పసుపు రంగుకు మారతాయి, ఆకు మీద ఎవరో పసుపు దారంతో వల అల్లినట్టు ఉంటుంది. తరవాత ఆకంతా పాలిపోతుంది. కాయ కూడా తెల్లగా, గిడసబారి, గట్టిగా తయారవుతుంది. ఇది వైరస్. తెల్లదోమ ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలుతుంది, దాంతో పాటు వైరస్ కూడా వెళుతుంది. ఒకసారి సోకిన మొక్కను నయం చేసే మందు లేదు. పూతకు ముందే సోకితే ఆ మొక్క మీద ఆశ వదులుకోవాల్సిందే. మన దేశంలో ఈ తెగులును మొదట 1924లో, అప్పటి బొంబాయి ప్రెసిడెన్సీలో గుర్తించారు.

ఇప్పుడు నాకు ఇష్టమైన కథ చెబుతాను. కొంచెం నిదానంగా చెబుతాను.

ఢిల్లీలో భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఉంది. అందరూ పూసా అంటారు. ఆ సంస్థ మొదట బిహార్‌లోని పూసా అనే ఊళ్లో ఉండేది. 1934 భూకంపంలో భవనం దెబ్బతిన్నాక ఢిల్లీకి మార్చారు, పేరు మాత్రం వెంట వచ్చేసింది. అక్కడ హర్భజన్ సింగ్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. ఊరూరా తిరిగి పాత విత్తనాలు, అడవి మొక్కలు సేకరించడం ఆయన పని. ఆయన దగ్గర, ఆయన సహచరుల దగ్గర అప్పటికే పూసా మఖ్మలీ అనే బెండ రకం ఉంది. మఖ్మల్ అంటే ముఖమల్ గుడ్డే. పేరుకు తగ్గట్టు కాయ నున్నగా, లేత ఆకుపచ్చగా ఉండేది. కాని పల్లాకు వస్తే నిలబడలేకపోయేది.

సేకరించిన వందల విత్తనాల మధ్య పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన ఒక బెండ ఉంది. దానికి పేరు కూడా లేదు, ఐ.సి. 1542 అనే అంకె ఒక్కటే. చుట్టూ మొక్కలన్నీ పసుపుబారుతుంటే అది పచ్చగా నిలబడింది. వైరస్ దాని లోపలికి పోలేదని కాదు. పోయింది. లోపల ఉన్నా మొక్క తెగులు లక్షణాలు చూపించలేదు, కాయడం ఆపలేదు.

ఆ రెండింటినీ కలిపారు. ఎలా కలుపుతారో కూడా చెబుతాను, ఎందుకంటే ఇది చేతి పని. రేపు పొద్దున విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే గుర్తుపట్టాలి. మొగ్గ అడుగున చుట్టూ మెల్లగా గాటు పెట్టి, పై తొడుగు తీసి, లోపలి పుప్పొడి తిత్తులను గీకేయాలి. గీకేటప్పుడు మధ్యలో ఉన్న ఆడభాగానికి దెబ్బ తగలకూడదు. తేనెటీగ రాకుండా కాగితం సంచి తొడగాలి. మర్నాడు పొద్దున్నే రెండో మొక్క పువ్వు తెచ్చి, దాని పుప్పొడిని ఇక్కడ అద్ది, మళ్లీ సంచి కట్టి, తేదీ రాసిన చీటీ తగిలించాలి. నేను మొదట నేర్చుకున్నప్పుడు వరసగా ఎన్నో మొగ్గలు రాలిపోయాయి. నాకు నేర్పిన పెద్దాయన "చెయ్యి బరువు తగ్గించు బాబూ, అంతే" అన్నారు. ఇప్పుడు ఎవరికి నేర్పినా నేనూ ఆ మాటే చెబుతాను.

సరే, కలిపారు. మొదటి తరం విత్తనం వేశారు. మొక్కలు వచ్చాయి. వాటికీ పల్లాకు వచ్చింది!

ఇక్కడే చాలామంది వదిలేస్తారు. వాళ్లు వదల్లేదు. ఎందుకంటే కొన్ని గుణాలు మొదటి తరంలో దాక్కుంటాయి. తాత ముక్కు కొడుక్కి రాకుండా మనవడికి వచ్చినట్టు. పల్లాకును తట్టుకునే గుణం అలా దాక్కునేది, అదీ రెండు జన్యువుల్లో అని 1962లో వాళ్లు వివరించారు. రెండూ ఒకే మొక్కలో బయటపడేది, మొదటి తరం గింజ వేస్తే వచ్చే రెండో తరంలో 16 మొక్కలకు ఒక్కదానిలోనే. వెయ్యి మొక్కలు పెడితే 62 దాకా పచ్చగా మిగులుతాయి. ఆ 62లో ముఖమల్ లాంటి కాయ ఎన్నింటికి? వాటిలో కణుపులు దగ్గరగా ఉన్నవి ఎన్ని? వాటిలో లేతగా నిలిచేవి ఎన్ని? ఒక్కో ప్రశ్నకూ కొన్ని మొక్కలు తప్పుకుంటాయి. చివరికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగులుతాయి. వాటి విత్తనం మళ్లీ వేయాలి. మళ్లీ ఏరాలి. మళ్లీ వేయాలి. తరం తరవాత తరం, పొలమంతా ఒకేలా వచ్చేదాకా.

అలా పుట్టింది పూసా సావని. 1960 ప్రాంతంలో రైతుల చేతికి వచ్చింది. సావని అన్న మాటలోనే సావన్ ఉంది, మన శ్రావణమాసం. వానకాలంలోనూ నిలబడే బెండ. ఆ తరవాత ఎన్నో ఏళ్లు దేశమంతా బెండ అంటే పూసా సావనే.

ఆ కథ అక్కడే ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. సావని వైరస్‌ను ఓర్చుకుంది, బయటికి నెట్టలేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఓర్పు చాలలేదు. సావని పొలాలు కూడా పసుపుబారడం మొదలైంది.

అప్పుడు శాస్త్రవేత్తలు అడవి వైపు చూశారు. బెండకు అడవిలో చుట్టాలున్నాయి. కాయ చిన్నది, నూగు ముళ్లలా గుచ్చుకుంటుంది, నిండా పీచు. కూరకు ఎవరూ కోయరు. కాని వాటిలో కొన్నింటి మీద పల్లాకు పడదు. మరాఠ్వాడా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు పర్భణీలో సావనిని అలాంటి ఒక అడవి జాతితో కలిపారు. ఈ పర్భణీ 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఇలా జాతి మారి కలిపినప్పుడు వచ్చే మొక్క చాలావరకు గొడ్డు మొక్క. కాయలో గింజ నిలవదు. నిలిచిన నాలుగు గింజలతో వచ్చిన మొక్కను మళ్లీ మంచి బెండతో కలపాలి. మొదట సగం ఉన్న అడవి వాటా పావు అవుతుంది. మళ్లీ కలిపితే అరపావు. పీచు పోవాలి, ముల్లు పోవాలి, తట్టుకునే శక్తి ఒక్కటి మాత్రం పోకూడదు. అలా 1980లలో పర్భణీ క్రాంతి వచ్చింది. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధనా సంస్థ వాళ్లు ఇంకో అడవి చుట్టాన్ని తీసుకుని అర్క అనామిక తెచ్చారు. కాయ ముదురు ఆకుపచ్చ, నున్నన, పొడవు. హెక్టారుకు 20 టన్నులు అని ఆ సంస్థ చెబుతుంది. అంటే ఎకరానికి సుమారు 80 క్వింటాళ్లు.

ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికేవి హైబ్రిడ్లు, అంటే రెండు రకాలను కలిపితే వచ్చే మొదటి తరం విత్తనాలు. బెండ కాయలో గింజలు ఎక్కువ, ఒక్క పువ్వు కలిపితే పదుల గింజలు వస్తాయి, కాబట్టి హైబ్రిడ్ విత్తనం చేయడం గిట్టుబాటు అవుతుంది. దిగుబడి బాగుంటుంది, నేను కాదనను. కాని దాని గింజ దాచి మళ్లీ వేస్తే ఇందాక చెప్పిన రెండో తరమే వస్తుంది, ఒక్కో మొక్క ఒక్కో రకంగా. హైబ్రిడ్ వేస్తే ఏటా కొనుక్కోవాలి. విత్తనం మీరే దాచుకోవాలంటే సూటి రకం, అంటే హైబ్రిడ్ కానిది, గింజ వేస్తే మళ్లీ అలాగే వచ్చేది వేయాలి. కొనేటప్పుడు ఆ ఒక్క మాట అడిగి తెలుసుకోండి.

ఇక నేను ఈ రోజు అసలు చెప్పాలనుకున్న మాట. పెరట్లో, మేడ మీద, పొలం గట్టున బెండ వేసుకుని విత్తనం దాచుకునే వాళ్ల కోసం.

మనం సాధారణంగా ఏం చేస్తాం? లేతగా ఉన్నవన్నీ కోసుకుని కూర వండుకుంటాం. ఆకుల చాటున కంటపడకుండా ముదిరిపోయిన కాయను "ఇది విత్తనానికి ఉండనీ" అంటాం. లేదా పంట అయిపోయాక చివర్న మిగిలిన గిడస కాయలు దాస్తాం. నేను కూడా చిన్నప్పుడు ఇదే చేశాను. మా నాయనమ్మ చూసి ఆ కాయలు నా చేతిలోంచి తీసుకుని పశువుల ముందు వేసింది. తరవాత నన్ను పెరట్లోకి తీసుకెళ్లి ఒక మొక్క చూపించింది. దానికి పాత చీర అంచు చింపి కట్టి ఉంది. "ఇది ముందు పూసింది, ఎక్కువ కాసింది. దీని కాయ మనం తినకూడదు" అంది. కాలేజీలో ఏళ్ల తరబడి చదివినా, ఇంతకన్నా తేటగా నాకు ఎవరూ చెప్పలేదు.

మంచి మొక్క కాయలన్నీ తినేసి, మిగిలిపోయినవి విత్తనానికి వదిలితే, ఏటేటా వెనకబడిన మొక్కనే ఏరుకుంటున్నట్టు. తెలియకుండానే మన రకాన్ని మనమే దించేస్తున్నాం.

కాబట్టి ఇలా చేయండి. 30 మొక్కలు ఉంటే, పూత మొదలైన వారంలోనే 8 మొక్కలకు దారం కట్టండి. ముందు పూసినవి, కణుపులు దగ్గరగా ఉన్నవి, పచ్చగా ఉన్నవి. మొదటి రెండు మూడు కాయలు కోసి చివర తుంచి చూడండి. పుటుక్కుమనకపోతే దారం విప్పేయండి. తరవాత ఏ మొక్క మీద ఈనె పసుపుబారినా దారం విప్పేయండి. నాలుగైదు మొక్కలు మిగిలితే చాలు. వాటి మీద ఆ తరవాత వచ్చే కాయలు ముట్టుకోవద్దు.

పక్కింటి బెండ పుప్పొడిని తేనెటీగ మోసుకొస్తుంది. అందుకని ఆ మొక్కల మీద మర్నాడు విచ్చబోయే మొగ్గ కొనకు సాయంత్రం మెత్తటి దారం కట్టండి. పువ్వు విచ్చకపోయినా లోపల తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. ఆ కాయ తొడిమకు గుర్తుగా రంగు దారం చుట్టండి. నెల రోజులు దాటాక కాయ గోధుమరంగుకు తిరిగి, అంచుల వెంట చీలడం మొదలవుతుంది. అప్పుడు కోసి, నీడన ఆరబెట్టి, గింజ వొలిచి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోసి, రకం పేరూ తేదీ రాసిన చీటీ లోపల వేయండి.

వచ్చే ఏడు ఒక వరుస ఈ గింజలు, పక్కనే ఒక వరుస కొన్న గింజలు వేయండి. ఏ వరుసలో మొదటి పువ్వు ఎప్పుడు వచ్చిందో, మొదటి పసుపు ఈనె ఎప్పుడు కనిపించిందో గోడ మీది క్యాలెండర్లో రాసుకోండి.

సెలవు. నమస్కారం.