కేబుల్ దూరితే కనెక్టర్ సరిపోయినట్టేనా? పెద్ద కేబుల్ జాయింట్‌లో అందరూ పొరబడే చోటు

[టేబుల్ మీద కోసిన ఆర్మర్డ్ కేబుల్ ముక్క, దాని పక్కన నాలుగు ఫెరూల్స్]

"దూరింది గదా అన్నా, ఇంకేం గావాలె?"

ఈ మాట హన్మకొండలో విన్నా, జమ్మికుంటలో విన్నా, పెద్దపల్లి దిక్కు రైస్ మిల్లుల్లో అయితే లెక్కలేనన్ని సార్లు విన్నా. కనెక్టర్ అంటే రంధ్రం, కేబుల్ అందులో దూరితే పని అయిపోయినట్టే అని చాలామంది లెక్క. వేలు పోసి జాయింట్ కిట్ కొంటారు, టేపు మంచిదే తెస్తారు. లోపల రెండు కొసలను కలిపే లోహపు గొట్టం, అదే ఫెరూల్, మాత్రం డబ్బాలో ఏది దొరికితే అది. నాకు చిరాకు వచ్చేది అక్కడే.

ఒక మిల్లు అనుకుందాం. డ్రైనేజీ కోసం జేసీబీ తవ్వుతుంటే మెయిన్ కేబుల్ తెగింది. మూడున్నర కోర్, 70 స్క్వేర్ ఎంఎం, అల్యూమినియం కోర్లు, పైన లోహపు తొడుగు (ఆర్మర్) ఉన్నది. లోడు 100 ఆంపియర్లు. ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోవడం, ఎర్త్ చేయడం, మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడటం మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. రెండు కొసలు మీ ముందున్నాయి. మధ్యలో ఏం పెడతారు?

దానికి ముందు ఎడ్లబండి గిర్ర గురించి మాట్లాడాలి.

[బండి గిర్ర ఫొటో, ఇనుప పట్టా దగ్గరగా]

మేడారం జాతరకు బండ్లు కట్టుకుని పోయిన తరానికి ఇది చెప్పక్కర్లేదు. కర్ర గిర్ర చుట్టూ ఇనుప పట్టా ఉంటుంది. కమ్మరి దాన్ని గిర్ర కంటే కొంచెం చిన్నగా చేస్తాడు. ఎర్రగా కాలిస్తే అది సాగుతుంది, అప్పుడు గిర్రకు ఎక్కించి నీళ్లు పోస్తాడు. చల్లారుతూ పట్టా బిగుసుకుంటుంది, ఆకులన్నిటినీ లోపలికి నొక్కి పడుతుంది. మేకులు కొట్టి నిలబెట్టేది కాదు అది, ఆ నొక్కుడు మీదే గిర్ర నిలబడుతుంది. పట్టా కొంచెం పెద్దదైతే కూడా గిర్రకు ఎక్కుతుంది, ఇంకా సులువుగా ఎక్కుతుంది. కానీ ఊరి పొలిమేర దాటకముందే ఊడిపోతుంది.

ఫెరూల్ చేసేది అదే పని. కమ్మరి వేడితో బిగించినదాన్ని మనం హైడ్రాలిక్ ప్రెస్సుతో బిగిస్తాం. కరెంటు పోవడానికి లోహం లోహానికి తగిలితే చాలదు. కంటికి ఎంత నున్నగా కనిపించినా, రెండు లోహాలు నిజంగా తగిలేది అక్కడక్కడ చుక్కలు చుక్కలుగానే. నొక్కుడు పెరిగితే ఆ చుక్కలు పెరుగుతాయి. కేబుల్ దూరితే ఫెరూల్ లోపలికి వెళ్లిందని అర్థం, అంతవరకే. నొక్కుడు ఎంత, అది పదేళ్ల తర్వాత కూడా మిగులుతుందా అనేది వేరే ప్రశ్న.

లెక్క చూడండి. 70 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డు, కిలోమీటరుకు 0.443 ఓమ్‌లకు మించకూడదు. అంటే పది సెంటీమీటర్ల ముక్కకు 0.044 మిల్లీ ఓమ్. 100 ఆంపియర్లు పోతే అందులో పుట్టే వేడి అర వాట్ కూడా ఉండదు. మంచి జాయింట్ కూడా అంతే ఉండాలి, అదే పొడవు కేబుల్ కంటే ఎక్కువ వేడెక్కకూడదు. ఇప్పుడు నొక్కుడు సరిగ్గా లేని జాయింట్ 5 మిల్లీ ఓమ్‌లు అయిందనుకోండి. 100 ని 100 తో గుణించి 0.005 తో గుణిస్తే 50 వాట్లు, ఒక్క కోర్‌లోనే! మూడు ఫేజులకు 150 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు ఆరు తీసుకుని, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టంలో చుట్టి, మట్టిలో పూడ్చి, రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంచినట్టు.

అయినా మీటర్ పెడితే ఏం చూపిస్తుంది? 100 ఆంపియర్లు, 5 మిల్లీ ఓమ్‌లు, డ్రాప్ అర వోల్టు. 415 వోల్టులలో అర వోల్టు ఎవరికి కనిపిస్తుంది? మోటర్లు తిరుగుతాయి, ఓనర్ బిల్లు కట్టేస్తాడు, మనం ఇంటికి వెళ్లిపోతాం. యాసంగి వడ్లు మిల్లుకు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. లోడు ఫుల్లు, బయట రామగుండం ఎండ. వేడికి రెసిస్టెన్స్ పెరుగుతుంది, అది పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. అప్పుడు కాలుతుంది. కాలాక "కేబుల్ కంపెనీ మంచిది కాదు" అంటారు.

సరే, మొదట చూడాల్సింది లోహం.

[రెండు లగ్గులు చేతిలో: రెండూ తెల్లగా మెరుస్తున్నాయి]

ఇవి లగ్గులు, కేబుల్ కొసను బోల్టుతో బిగించడానికి దానికి నొక్కి పెట్టేవి. ఈ రెండింటిలో ఏది అల్యూమినియం? రెండూ తెల్లగానే ఉన్నాయి. ఇది మాత్రం రాగి, పైన తగరం పూత. కత్తితో గీకండి, ఎర్రగా వస్తుంది. చేతిలో బరువు కూడా తెలుస్తుంది, రాగి అల్యూమినియం కంటే మూడింతలకు పైగా బరువు. తగరం పూత ఉంది కాబట్టి అల్యూమినియం కేబుల్‌కు నడుస్తుందని కౌంటర్ దగ్గర చెప్తారు. రాగి లగ్గుకు ఆ పూత వేసేది అది నల్లబడకుండా ఉండటానికి. అంతమాత్రాన అది అల్యూమినియం లగ్గు అయిపోదు.

ఎందుకు నడవదో మళ్లీ గిర్ర చెప్తుంది. ఎండాకాలం కర్ర ఎండి చిక్కిపోతే పట్టా లూజవుతుంది. రైతులు గిర్రను చెరువు నీళ్లలో నానబెట్టేది అందుకే. రాగి గొట్టంలో అల్యూమినియం పెడితే ఇంచుమించు అదే జరుగుతుంది. డిగ్రీ వేడికి అల్యూమినియం మీటరుకు 23 మైక్రాన్లు సాగుతుంది, రాగి 17. లోడు పెరిగినప్పుడు అల్యూమినియం ఎక్కువ ఉబ్బాలనుకుంటుంది, చుట్టూ రాగి గొట్టం ఉబ్బనివ్వదు. అల్యూమినియం మెత్తనిది కాబట్టి నలిగి పక్కకు జారుతుంది. రాత్రి మిల్లు ఆపేస్తే చల్లబడి చిక్కుతుంది, సందు మిగులుతుంది. రేపు మళ్లీ అంతే. తేమ కూడా చేరితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారవుతుంది, అందులో తినిపోయేది అల్యూమినియమే. గిర్రనైతే చెరువులో నానబెట్టి మళ్లీ బిగించవచ్చు. దీన్ని ఏ చెరువులో నానబెడతారు?

అందుకే అల్యూమినియం నుంచి అల్యూమినియానికి అల్యూమినియం ఫెరూల్, రాగికి రాగి. ఒకవైపు అల్యూమినియం, ఇంకోవైపు రాగి అయితే బై మెటాలిక్ కనెక్టర్. అందులో రెండు లోహాలను ఫ్యాక్టరీలోనే రాపిడి వెల్డింగ్‌తో ఒకటి చేస్తారు, మీరు నొక్కే చోట మాత్రం ఎటు లోహం అటే ఉంటుంది. ఖరీదు ఎక్కువే. రెండోసారి తవ్వే జేసీబీ కిరాయితో పోల్చుకోండి.

అల్యూమినియంతో ఇంకో ఇబ్బంది ఉంది. గాలి తగిలిన మరుక్షణం దాని మీద ఆక్సైడ్ పొర పడుతుంది. కంటికి కనిపించదు, గట్టిగా ఉంటుంది, కరెంటును పోనివ్వదు. కాబట్టి వైర్ బ్రష్‌తో రుద్దాలి, రుద్దిన వెంటనే ఆ పొర మళ్లీ పడనివ్వని కాంపౌండ్ (గ్రీజు) రాయాలి. మంచి అల్యూమినియం ఫెరూల్స్‌లో ఆ గ్రీజు నింపే వస్తుంది. దాన్ని "మురికి" అని గుడ్డతో తుడిచేసే మహానుభావులున్నారు. దయచేసి తుడవకండి.

ఇక సైజు. మన కేబుల్ మూడున్నర కోర్ కదా, ఫేజులు 70 అయితే న్యూట్రల్ 35. నాలుగు ఫెరూల్స్ 70వే ఇమ్మని తెస్తారు. న్యూట్రల్‌కు లూజైతే పోగులు మడిచి, రాగి ముక్కలు దోపి నింపుతారు. చిన్న ఫెరూల్ దొరికితే ఇంకోలా చేస్తారు, పోగులు నాలుగు కత్తిరించి దూరుస్తారు. 70 కేబుల్‌కు డబ్బులు కట్టి, జాయింట్ దగ్గర 50 చేసుకోవడం! కమ్మరి దగ్గర పట్టా చిన్నదైతే గిర్రను చెక్కుతామా?

ఇక్కడ ఒక మెలిక ఉంది. సరైన సైజు ఫెరూల్ కూడా నొక్కకముందు కొంచెం వదులుగా అనిపించవచ్చు. ఈ కేబుళ్లలో కోర్ గుండ్రంగా ఉండదు, కేకు ముక్కలాగా మూలలు ఉంటాయి.

[కోసిన కేబుల్ ముఖం దగ్గరగా]

చూశారా? గుండ్రటి గొట్టంలో మూలలున్న కోర్. నేరుగా నొక్కితే ఒక పక్క బిగుస్తుంది, ఇంకో పక్క ఖాళీ ఉంటుంది. ముందు ప్రెస్సుకు రౌండింగ్ డై, అంటే గుండ్రటి అచ్చు, పెట్టి కోర్‌ను గుండ్రం చేయాలి, ఆ తర్వాతే ఫెరూల్. ఈ ఒక్క మెట్టు ఎగ్గొట్టిన జాయింట్లే నాకు అన్నిటికంటే ఎక్కువ కనిపిస్తాయి.

డై గురించి. అల్యూమినియం ఫెరూల్ గోడ మందంగా ఉంటుంది. అందుకే 70 రాగి ఫెరూల్ కంటే 70 అల్యూమినియం ఫెరూల్ బయట లావుగా ఉంటుంది. రెండింటికీ ఒకే డై కుదరదు. రాగి డైతో అల్యూమినియాన్ని నొక్కితే పక్కలకు రెక్కలు వస్తాయి, లోపల పోగులు నలుగుతాయి. అల్యూమినియం డైతో రాగిని నొక్కితే టూల్ పూర్తిగా మూసుకుంటుంది, మీరు సంతోషిస్తారు, ఫెరూల్ మాత్రం సగమే బిగుస్తుంది. ఫెరూల్ కంపెనీ ఏ డై చెప్పిందో అదే వాడాలి. ఉలితో, సుత్తితో లగ్గు కొట్టే వాళ్లకు నేను చెప్పేదేం లేదు, వాళ్లు ఈ వీడియో ఇంతదాకా చూడరు.

కొనేటప్పుడు అల్యూమినియం ఇన్‌లైన్ కనెక్టర్‌కు (అంటే ఫెరూల్‌కు) భారత ప్రమాణం ఐఎస్ 8308, లగ్గులకు ఐఎస్ 8309 ఉందా చూడండి. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61238 పరీక్షలో అయితే కనెక్టర్‌ను 1000 సార్లు వేడి చేసి చల్లారుస్తారు, నొక్కుడు నిలబడుతుందా లేదా అని.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

నొక్కే వరుస: ఫెరూల్‌కు మధ్య నుంచి కొసలకు. లగ్గుకు ఆకు (బోల్టు పట్టే చదునైన భాగం) వైపు నుంచి కేబుల్ వైపుకు. ముందే ఇన్సులేషన్ ఎంత చెక్కాలో ఫెరూల్‌తో కొలిచి గుర్తు పెట్టుకోండి, కోర్ ఫెరూల్ మధ్యలోని అడ్డు (స్టాప్) దాకా వెళ్లిందో లేదో ఆ గుర్తు చెప్తుంది.

నొక్కే ప్రెస్సు (క్రింపింగ్ టూల్) లేకపోతే షియర్ బోల్ట్ కనెక్టర్ ఉంది. దాని బోల్టు తల సరైన బిగువు రాగానే తెగిపోతుంది. తెగిందని భయపడకండి, తెగడానికే చేశారు. బోల్టులు ఒకటి విడిచి ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి, కోర్ మెలి తిరగకుండా పట్టుకోండి. ఏ సైజు నుంచి ఏ సైజు వరకు, రాగికా అల్యూమినియానికా అన్నది దాని మీదే రాసి ఉంటుంది.

స్తంభాల మీద ఏబీ కేబుల్‌కు, అంటే మెలిపెట్టిన ఇన్సులేటెడ్ వైర్ల కట్టకు, పళ్లున్న పియర్సింగ్ కనెక్టర్లు వాడతారు. అవి మెయిన్ లైను నుంచి కొమ్మ లైను (ట్యాపింగ్) తీసుకోవడానికి. వాటిని తెచ్చి మట్టిలో పూడ్చే కేబుల్‌కు పెట్టకండి. బోరు మోటర్ కేబుల్ రాగి, అది నీళ్లలో ఉండే జాయింట్, అది వేరే వీడియో.

టంకం వేస్తే సరిపోదా అని అడుగుతారు. మామూలు తగరం-సీసం టంకం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం ప్లాస్టిక్ ఇన్సులేషన్) కేబుల్ షార్ట్ సర్క్యూట్‌లో 250 డిగ్రీల దాకా తట్టుకునేలా చేసినది. కేబుల్ బతికి జాయింట్ కరిగిపోతుంది.

చివరిగా, నొక్కాక ఫెరూల్ మీద మిగిలిన వాడి అంచులు ఆకురాయితో అరగదీయండి, లేకపోతే హీట్ ష్రింక్ గొట్టాన్ని లోపలి నుంచి కోస్తాయి. ఇంకోటి, కిట్‌లో అల్లిన రాగి పట్టీ ఒకటి వస్తుంది, ఆర్మర్‌ను ఇటు నుంచి అటు కలపడానికి. స్క్రాపులో దానికి మంచి రేటు ఉంటుందని నాకూ తెలుసు. అది జాయింట్‌లోనే ఉండాలి తమ్ముడూ.