శాస్త్రం పాట మధ్యలోనే చెప్పాలి

అందరికీ నమస్కారం. విశాఖలో ఇళ్ల దగ్గర సంగీతం చెప్పేవాళ్లం ఇంతమందిమి ఒకచోట కలవడం అరుదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. గొంతు సాధన ఒకరోజు, స్వరాలు, రాగాల శాస్త్రం ఇంకోరోజు అని విడగొట్టి చెప్పడం మానేద్దాం.

1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల లాంటి చోట శాస్త్రానికి వేరే పీరియడ్ పెట్టుకోవచ్చు. ఎంవీపీ కాలనీలో స్కూలు, ట్యూషన్ అయ్యాక ఏడింటికి ఆవులిస్తూ వచ్చే పిల్లకు మన దగ్గర ఉండేది గంటే.

మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలుగా చెప్పే సరళీ వరుసలు చూడండి. చాలామంది పిల్లలు రిషభం, అంటే రి దగ్గర తెలియకుండానే పైకి, ఒక మెట్టు ఎక్కువుండే చతుశ్రుతి రిషభం వైపు పోతారు. మనం వెంటనే "ఊపిరి బాగా తీసుకో, నోరు తెరువు" అంటాం. తప్పు ఊపిరిది కాదండీ. రి ఎక్కడుందో ఆ పిల్లకు తెలియదు. హార్మోనియం ముందు కూర్చోబెట్టి చూపించండి. షడ్జం అంటే స. దాని పక్క మెట్టే ఈ రాగంలోని రి, శుద్ధ రిషభం. అక్కడి నుంచి ఈ రాగంలోని గ, అంటే అంతర గాంధారానికి మధ్యలో రెండు మెట్లు వదిలేయాలి. గ, మ మళ్లీ పక్కపక్కనే. ప ద ని స లోనూ అచ్చం ఇదే అమరిక. ఇది కళ్లారా చూశాక రి కిందే నిలబడుతుంది, గ కి గొంతు ధైర్యంగా వెళ్తుంది. నోట్‌బుక్ తెరవకుండానే స్వరస్థానాల పాఠం మొదలైపోయింది. మేళకర్తలనే మూల రాగాల్లో ఇది 15వది అని తర్వాతెప్పుడు చెప్పినా నష్టం లేదు.

మరోవైపు, పరీక్షల కోసం రాగ లక్షణాలు బట్టీపట్టే పిల్లలున్నారు. మోహన రాగంలో మ, ని వర్జ్యమని, అంటే ఆ స్వరాలు రాకూడదని రాస్తారు. పాడేటప్పుడు గ నుంచి ప కి వెళ్తూ మధ్యమాన్ని తాకేస్తారు. వాళ్లతో అకారంలో, అంటే స్వరం పేరు పలకకుండా 'ఆ' అంటూ, గ ప, గ ప స్వరాలు నెమ్మదిగా పాడించాలి. వర్జ్యమంటే ఏమిటో అప్పుడు గొంతుకు తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది గొంతు మారే వయసు మగపిల్లల సంగతి. నిన్నటిదాకా ఐదు శ్రుతిలో, అంటే స ని ఎత్తుగా పెట్టుకుని హాయిగా పాడినవాడికి తారస్థాయి, అంటే పై స్వరాలు అందవు, గొంతు చీలుతుంది, ఇక పాట రాదని టెన్షన్ పడతాడు. షడ్జం ఎక్కడ పెట్టుకున్నా స్వరాల మధ్య దూరాలు మారవు, అందుకే రాగం మారదు. ఆ మాట వాడికి ఆ రోజే చెప్పాలి. శ్రుతి దించి, వాడికి వచ్చిన పాటే మళ్లీ పాడించాలి. గట్టిగా అరిపించకూడదు. ఇంట్లోవాళ్లనూ కూర్చోబెట్టి ఇదంతా చెప్పండి. ఆ వయసులో క్లాసు మాన్పించేది చాలాసార్లు వాళ్లే.