మూడు నెలల షుగరు: 7 శాతమా, వెయ్యికి 53?

[దృశ్యం: గుంటూరు కొత్తపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబు. కౌంటరు మీద రిపోర్టు.]

వ్యాఖ్యానం: కొత్తపేట ఆస్పత్రుల మధ్య ఏ ల్యాబుకు వెళ్లినా, అందరూ "మూడు నెలల షుగరు" అని పిలిచే పరీక్ష రిపోర్టులు కనిపిస్తాయి. వీటిలో ఒకదాని మీద హెచ్‌బీఏ1సీ (చక్కెర అంటుకున్న హిమోగ్లోబిన్) ఎదురుగా 7.0 శాతం అని ఉంది. నిజంగా నూటికి ఏడు హిమోగ్లోబిన్ అణువులకు చక్కెర అంటుకుందా అన్నదే మన ప్రశ్న.

హిమోగ్లోబిన్ అనే ప్రోటీను అమైనో ఆమ్లాల గొలుసులతో తయారవుతుంది; వాటిలో బీటా గొలుసు వేలిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలవుతుంది. రక్తంలోని గ్లూకోజు ఏ ఎంజైము సాయమూ లేకుండా దానికి అతుక్కుంటుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది గనుక, గడిచిన రెండు మూడు నెలల సంగతి అందులో నిలిచి ఉంటుంది. గ్లూకోజు అణువు బరువు 180 డాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలమానం). అతుక్కునేటప్పుడు 18 డాల్టన్ల నీరు బయటికి పోతుంది కాబట్టి, ప్రోటీనుకు పెరిగే బరువు 162.

[దృశ్యం: మిర్చి యార్డు. కాటా మీద టిక్కీ, అంటే మిర్చి బస్తా.]

అణువులకు కాటా మాస్ స్పెక్ట్రోమీటరు. అయితే మిర్చి యార్డులో టిక్కీని కాటా మీద పెడితే బరువు తెలుస్తుంది గాని, లోపల ఉన్నది తేజ రకమో కాదో విప్పి చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడా అంతే: గ్లూకోజు, గాలక్టోజు, మానోజు మూడింటి బరువూ ఒక్కటే కాబట్టి ఏ చక్కెరో బరువు చెప్పదు, గొలుసులో ఎక్కడ అంటుకుందో కూడా చెప్పదు.

అందుకే గొలుసును ముందుగా కోస్తారు. గ్లూ-సి అనే ఎంజైము గ్లుటామిక్ ఆమ్లం దగ్గర తెంచుతుంది గనుక, బీటా గొలుసు మొదటి ఆరు అమైనో ఆమ్లాలు ఒక చిన్న ముక్కగా విడివడతాయి. ఆ ద్రావణాన్ని అధిక వోల్టేజి కింద సన్నని తుంపరగా చిమ్మితే ముక్కలు విద్యుదావేశంతో గాలిలోకి వస్తాయి. పెద్ద అణువులకు ఈ పద్ధతిని పనికివచ్చేలా చేసినందుకే జాన్ ఫెన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. యంత్రం చదివేది బరువును ఆవేశంతో భాగించిన సంఖ్య. రెండు ఆవేశాలున్న ఉత్త ముక్క 348.2 దగ్గర, చక్కెర అంటుకున్నది 429.2 దగ్గర శిఖరాలుగా కనిపిస్తాయి. తేడా 81, అంటే 162లో సగం.

చక్కెర ఎక్కడుందో మొదటినుంచి వెతకాల్సిన ప్రోటీన్లతో చిక్కు ఎక్కువ. పెప్టైడును, అంటే కోసిన గొలుసు ముక్కను, వాయువుతో ఢీకొట్టి విరగ్గొడితే, దాని వెన్నెముక (అసలు గొలుసు) విరగకముందే చక్కెర వరసగా నీటి అణువులను వదిలేస్తుంది, చోటు తెలియదు. ఎలక్ట్రాన్‌ను అందించి విరిచే ఈటీడీ పద్ధతిలో వెన్నెముక తెగినా చక్కెర తన చోటనే ఉంటుంది. నా దృష్టిలో ఈ రంగంలో అసలు నేర్పు తూచడంలో లేదు, విరవడంలో ఉంది.

[దృశ్యం: మళ్లీ అదే రిపోర్టు, దగ్గరగా.]

ఇందాకటి 348.2, 429.2 శిఖరాల నిష్పత్తి మీద ఆధారపడిన అంతర్జాతీయ ప్రమాణ పద్ధతి లెక్కలో, మన 7.0 శాతం వెయ్యికి 53, అంటే 5.3 శాతమే అవుతుంది. పాత పద్ధతిలో హెచ్‌బీఏ1సీగా లెక్కించిన శిఖరంలో వేరే పదార్థాలూ కలిసిపోవడమే ఈ తేడాకు కారణం. అయినా డాక్టర్లు 7నే చూస్తారు. 1993లో వెలువడిన డీసీసీటీ అనే మధుమేహ చికిత్స అధ్యయనం నాటి నుంచి చికిత్స లక్ష్యాలన్నీ ఆ పాత అంకెల మీదే నిలిచాయి. కాబట్టి మీ రిపోర్టులో మిల్లీమోల్ పర్ మోల్ (వెయ్యికి ఎన్ని అని చెప్పే లెక్క) పక్కన 53 అని కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, అది ఆ 7.0 శాతమే.